తీరము లేనివారి త్రోవ

కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న గద్వాల ప్రాంతమును నడిగడ్డ యందురు. రెండు మహానదుల మధ్య పుట్టి పెరిగియు, సముద్రమును కన్నులార చూడకయే కాలము గడపినవారు మా పెద్దలలో అనేకులు. గద్వాల సీమను ఒరసికొని, వనపర్తి సీమకు దక్షిణముగా, నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిల ప్రక్కగా సాగిపోవు కృష్ణ యెవరి సెలవును వేడక, ఏ సుంకమును చెల్లింపక, హంసలదీవికడ సాగరమున కలియుచున్నది. ఆ నదియొడ్డున పండిన ప్రత్తికిని, వేరుసెనగకును, గద్వాల మగ్గముమీద నేసిన చీరకును అంతటి స్వేచ్ఛ ఎన్నడును లేదు. అవి ఓడ నెక్కవలెనన్న పరుల నేలమీదుగా పోవలెను. పరుల రేవున నిలువవలెను. ఇది నేడు పుట్టిన చిక్కు కాదు. ఓరుగంటినుండి హైదరాబాదువరకు ఈ పీఠభూమి నేలిన ప్రభువులందరును ఏదో యొక రూపమున ఎదుర్కొన్న చిక్కే.

ఇందు లాభనష్టముల లెక్కను వర్తకులకు విడిచెదను. వారికి నాకంటె బాగుగా తెలియును. నేను విచారింపదలచినది ధర్మసంబంధమైన ప్రశ్న. ఒడ్డు గలవాడు ఒడ్డు లేని పొరుగువానికి దారి యిచ్చుట దయయా, బేరమా, లేక ఋణమా? దయ యైనచో ఇచ్చినవాడు మనసు మారినపుడు మానవచ్చును. బేరమైనచో ధర గిట్టనపుడు మానవచ్చును. ఋణమైనచో మానుటకు వానికి అధికారము లేదు. లోకములో ఈ మూడింటిని 'త్రోవ యిచ్చుట' యను నొక్క మాటతోనే చెప్పుచున్నాము గనుక, మూడింటి భేదము మన దృష్టికి రాదు. తలుపు మూసిన దినమున మాత్రము తెలిసివచ్చును.

తెలుగునాట ఈ ప్రశ్నకు దొరకు సమాధానములలో మిక్కిలి విలువైనది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో రాతిమీద నున్నది. కాకతి గణపతిదేవుడు ఓరుగంటివాడు. అనగా నడినేల రాజు. పదుమూడవ శతాబ్ది తొలిభాగమున వెలనాటి తీరము ఆతని వశమయ్యెను. శక సంవత్సరము 1166, అనగా క్రీస్తుశకము 1244లో ఆతడు వేయించిన అభయశాసనములోని విషయమిది: గాలివానకు చిక్కి దరికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగా హరించెడివారు. సముద్రవర్తకులకు ధనము ప్రాణముకంటె గొప్పది గనుక, వారిపై కరుణచేతను, కీర్తికొఱకును, ధర్మము కొఱకును, మేము నియతమైన సుంకము తప్ప తక్కిన దంతయు విడిచిపెట్టుచున్నాము. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకటి. ఆపై చందనము, కర్పూరము, దంతము, పట్టు, పగడము మొదలైనవాటికి వేరువేరుగా రేట్లు చెక్కబడినవి.

ఈ శాసనమును ప్రశంసించువారు సాధారణముగా అందలి కరుణను ప్రశంసింతురు. నాకు మాత్రము కరుణకంటె ఆ రేట్లపట్టికయే గొప్పదిగా తోచుచున్నది. కరుణ గల రాజు చనిపోయినచో కరుణయు చనిపోవును. ముప్పదింట నొకటి యని రాతిమీద చెక్కినపిదప, ఏ చీనా వర్తకుడైనను, ఏ అరబ్బు వర్తకుడైనను ఓడ బయలుదేరుటకు ముందే తన లెక్కను తాను వేసికొనగలడు. ఆతడు రాజుగారి ముఖము చూచి, వారు ప్రసన్నులై యున్నారా లేదా యని తెలిసికొన నక్కఱలేదు. పరుని దయను వేడనక్కఱ లేకుండుటయే గదా మనుష్యుని గౌరవమునకు మొదటిమెట్టు! ఆ రేవు కీర్తి యెంతగా వ్యాపించెననగా, వెనీసునుండి వచ్చిన మార్కోపోలో రుద్రమదేవి పాలనను వర్ణించుచు ఆ రాజ్యమునకు మోటుపల్లి పేరునే పెట్టెను. కాకతీయులు పోయినపిదప, 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమిచ్చెను. వంశము మాఱినను మాట నిలిచినదని సంతోషింపవచ్చును; ఒకసారి ఇచ్చిన అభయమును మరల ఇయ్యవలసివచ్చినదనగా నడుమ నది చెడియుండునని శంకింపను వచ్చును. రెండును సత్యములే కావచ్చును.

'ఆ రాజు చేసినది ధర్మము కాదు, గడుసుదనము. ఓడలు వచ్చిన బొక్కసము నిండును గదా' యని యొక ఆక్షేపణ కలదు. నిజమే. శాసనమే కీర్తిని కోరితినని దాచక చెప్పుచున్నది. కాని ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడను దోచుకొనుటయు లాభమే గదా! ఒక లాభమును కాదని మఱియొక లాభమును ఎన్నుకొనునపుడు, దేని నెన్నుకొనెననుటలో ధర్మమున్నది. నేటి ఓడ యొక్కటి యిచ్చు ధనమును విడిచి, రేపటి నూఱు ఓడలను నమ్మినవాడు, పరుని నష్టముతో పొత్తులేని లాభమును కోరినాడు. స్వార్థము లేని రాజును వెదకుచు కూర్చున్నచో ధర్మశాస్త్రములు వ్రాయుటయే మానవలసి యుండును.

కౌటిల్యుని అర్థశాస్త్రమున నొక చిత్రము కలదు. సరిహద్దు నానుకొనియున్న రాజు స్వభావముచేతనే శత్రువని మండలసిద్ధాంతము చెప్పుచున్నది. అదే గ్రంథమున నావధ్యక్షుని విధులు చెప్పుచోట, గాలికి చెడి దారితప్పి వచ్చిన ఓడను తండ్రివలె ఆదరింపవలెననియు, నీటికి తడిసిన సరకుపై సుంకము తీసివేయవలెను లేదా సగమే పుచ్చుకొనవలెననియు కలదు. పొరుగురాజును శత్రువుగా లెక్కించుమన్న ఆ కఠినుడే, ఆ శత్రువు ప్రజల ఓడ తడిసివచ్చినపుడు తండ్రివి కమ్మనుచున్నాడు. రాజ్యముల వైరము రేవుగట్టుకడ కొంత ఆగవలెనని ఆతడును ఒప్పుకొనినట్లే.

సంస్కృతములో వాక్యములు వెదకుట యెందుకు? మన నిత్యవ్యవహారములోని తెలుగుమాటయే సాక్ష్యము చెప్పుచున్నది. నేడు మనము పెద్దబాటను 'రహదారి' యందుము. ఈ ఫారసీమాట మన దేశములో మొదట బాటకు పేరు కాదు. బాటమీద పోవువారినుండి వసూలుచేయు సుంకమునకును, పోవుటకిచ్చు చీటికిని పేరు. సుంకము పేరే బాటకు పేరైనదనగా, సుంకములేని బాటను మన పూర్వులు ఊహింపలేకపోయిరి కాబోలు! గద్వాల, వనపర్తి, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు, గోపాలుపేట, అమరచింత, ఇట్టి సంస్థానము లెన్నో కృష్ణాతీరమున నొకదాని ప్రక్క నొకటి యుండెడివి. గద్వాలకు సొంత నాణెమే యుండెడిది. పొలిమేర పొలిమేరకును లెక్క మాఱుచుండగా బండివాడు పడిన పాటులు గ్రంథముల కెక్కలేదు. కర్నూలునకు కందనవోలను పేరు వచ్చుటకు కారణము, అలంపురపు గుడులకు రాళ్లు మోయు బండ్లు తుంగభద్ర దాటుటకు ముందచ్చట ఇరుసులకు కందెన రాచుకొనుటయే యని పెద్దలు చెప్పుదురు. నాగర్‌కర్నూలును నాగరకందనూలనుటకును అట్టి కథనే చెప్పువారు కలరు. కథ నిజమగుగాక, కాకపోవుగాక. రాజులపేర గాక బండి ఇరుసునకు పూసిన కందెనపేర నూళ్లు వెలయుట నాకు ప్రియమైన విషయము.

మోటుపల్లి తరువాత తెలుగుతీరమున వెలసిన గొప్ప రేవు మచిలీపట్టణము. గోలకొండ సుల్తానులకు అది యింటివాకిలి వంటిది. అచ్చటనుండి ఓడలు అరకానునకు, పెగూనకు, అచేకు, పారసీక అఖాతమునకు, మోఖాకు పోయెడివి. 1606 నాటికి డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును అచ్చట దిగిరి. పిదప అబ్దుల్లా కుతుబుషా ఇంగ్లీషువారికి సువర్ణఫర్మానా నిచ్చి సుంకములో గొప్ప వెసులుబాటు కలిగించెను. అటుపిమ్మట జరిగినది జగద్విదితము. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరుకోటను పట్టుకొనెను. 1766 సంధితో నిజాము ఉత్తర సర్కారులను విడిచెను. గుంటూరును 1788లో పోయెను. వాకిలి గల యిల్లు వాకిలి లేని యిల్లయ్యెను. 1802లో నిజాము కుంపిణీతో వర్తకసంధి చేసికొని, తన పూర్వులదైన మచిలీపట్టణపు రేవును వాడుకొను హక్కును సంధిపత్రమున వ్రాయించుకొనవలసివచ్చెను. సరకుపై నూటికి ఐదుచొప్పున సుంకము. అయినను, ఆ హక్కువలన నిజాముజెండా గల నౌకలు సముద్రమున నిండినట్లు చరిత్రలో కానరాదు. ఓడ లేదు, ఓడకు తగిన బాట లేదు. కాగితముమీది హక్కు, కాలు సాగని బాటసారికి చూపిన రాజమార్గము వంటిది.

ఈ చరిత్ర నాధారముగా జేసికొని కొందరు చేయు వాదమును తేలికగా త్రోసివేయరాదు. 'రేవున చోటిచ్చిన సుల్తానేమయ్యెను? అతిథి గృహస్థుడయ్యెను. కావున పొరుగువారికి దారి యిచ్చుటయే ప్రమాదము' అని వారి మాట. ఇందు సత్యమున్నది. శ్రీలంక తన హంబన్‌తోట రేవును 2017లో చీనా కంపెనీకి 99 యేండ్ల కౌలున కిచ్చినప్పటినుండి ఈ భయము మరల మేల్కొనినది. కాని విచారించి చూడగా, దారి యిచ్చుట వేరు, తలుపుతాళము చేతి కిచ్చుట వేరు. మోటుపల్లిలో వర్తకునికి దొరకినది దారి. బందరులో వర్తకునికి దొరకినవి గిడ్డంగి, కోట, ఫిరంగి. బాటసారిగా వచ్చినవానికి నీరియ్యవచ్చును, బావి వ్రాసియియ్యరాదు. ఇంతమాత్రమునకు నీరే యియ్యననుట లోభమే కాని జాగ్రత్త కాదు.

దారి కోరువానికిని ఇదే నియమము. 1947లో బ్రిటిషువారు వెడలుచుండగా నిజాము ప్రభుత్వము పోర్చుగీసువారి గోవావైపు చూచి, మర్మగోవా రేవును సంపాదింపవలెనని తలపోసెను. ఇందుకు గద్వాల మీది యినుపదారి కొంత దోహదము చేసియుండును. సికింద్రాబాదునుండి వనపర్తి రోడ్డు, గద్వాల మీదుగా ద్రోణాచలమునకు వేసిన ఆ మీటరుగేజి దారి, గుంతకల్లు, హుబ్లీల మీదుగా మర్మగోవాకు పోవు మీటరుగేజి దారితో కలిసెడిది. (ఆ 'రోడ్డు' అను మాటలోని పరిహాసమును వనపర్తివారే యెఱుగుదురు, స్టేషను మదనాపురములో, ఊరు దూరములో!) అనగా గద్వాలలో ఎక్కించిన మూట పడమటి సముద్రమువైపునకు సాగగలిగెను. దారిగా అది మంచి దారి. కాని నాటి ప్రభుత్వము కోరినది దారి మాత్రము కాదు, తన స్వాతంత్ర్యమునకు ఆయుధములు తెచ్చుకొను ద్వారము. భారతప్రభుత్వము శంకించెను. 1948లో సరకుల రాకపోకలకు కట్టడి యేర్పడెను. రజాకారుల దౌష్ట్యము నెఱిగిన వాడెవడును ఆ శంకను నిష్కారణ మనలేడు. అయినను తుపాకికిని ఉప్పునకును ఒకే గేటు వేసినపుడు, తుపాకి దొంగదారిని వచ్చును, ఉప్పు మాత్రము ఆగిపోవును. వెదకి చూచు హక్కు ఒడ్డువానికి తప్పక కలదు. బొత్తిగా మూయు హక్కు కలదనుటకు నా మనస్సు ఒప్పదు.

ఎందుకు ఒప్పదు? సముద్రమును ఎవరును చేయలేదు. ఒడ్డుగలవాడు ఒడ్డును చేయలేదు. ఆతడు చేసినది గట్టు, లోతుచేసినది కాలువ, నిలిపినది దీపస్తంభము, పోసినది చెమట. తాను చేసినదానికి ఆతడు వెల పుచ్చుకొనవలసినదే, ఇయ్యననువాడు దొంగ. తాను చేయనిదానికి, అనగా తాను అచ్చట నుండుటకు మాత్రమే, వెల పుచ్చుకొనుట న్యాయము కాదు. ఈ భేదము నా కల్పన కాదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రశాసన ఒడంబడిక 125వ అధికరణములో తీరములేని రాజ్యములకు సముద్రమును చేరు హక్కును చెప్పి, 127వ అధికరణములో అట్లు పోవు సరకుపై సుంకము వేయరాదనియు, చేసిన సేవకు మాత్రము ఖర్చు పుచ్చుకొనవచ్చుననియు విధించినది. అయితే ఆ హక్కును నడపు పద్ధతిని ఉభయరాజ్యములు ఒడంబడికచేసికొనవలెనని కూడ అందే యున్నది. ఇక్కడనే బలహీనుడు మరల బలవంతుని గడపకు పోవలసి వచ్చుచున్నది.

నేపాళము సంగతి చూడుడు. ఆ దేశపు సముద్రవర్తకము ఎంతోకాలము కలకత్తా, హాల్దియా రేవులమీదనే సాగెను. 1989లో వర్తక రవాణా ఒడంబడికల గడువు తీరగా, భారతదేశము సరిహద్దుదారులలో రెండు తప్ప తక్కినవాటిని మూసెను. మనము నేపాళమునకు మిత్రులమని చెప్పుకొనుచుంటిమి. ఆ శీతకాలమున కిరసనాయిలు దొరకని నేపాళపు గృహిణికి ఆ మైత్రి ఎట్లు కనబడెనో ఊహింపవలెను. 2015లో మరల సరకులు సరిహద్దున నిలిచిపోయినపుడు, కట్టడి మేము పెట్టలేదని మన ప్రభుత్వము చెప్పెను, నేపాళీయులు నమ్మలేదు. మఱునాటి సంవత్సరము, 2016లో, భారతదేశము మన విశాఖపట్టణపు రేవును గూడ నేపాళమునకు తెఱచుట కంగీకరించెను. బీర్‌గంజు కలకత్తాకు సుమారు 700 కిలోమీటర్లు. విశాఖకు సుమారు 1,400. దూరము రెట్టింపైనను రెండవ రేవును ఎందుకు కోరవలెను? ఒక్క తలుపు గలవానికి తలుపు యజమానిపై భయ ముండును. రెండు తలుపులు గలవానికి ఇద్దరితోను స్నేహ ముండును. అదే సంవత్సరము నేపాళము చీనాతో గూడ రవాణా ఒడంబడిక చేసికొనెను. దానిని కృతఘ్నత యని మన పత్రికలలో కొందరనిరి. దయగా ఇచ్చితిమని తలచినవారికే కృతఘ్నత కనబడును. విశాఖ రేవు పుట్టుకయు ఇట్టిదే: 1933లో అది తెఱవబడుటకు ముఖ్యకారణము, తీరములేని మధ్యపరగణాల మాంగనీసు రాయి సముద్రము చేరుటకు దారి కావలసివచ్చుట.

తరగతిలో నేను పటముమీద రేవులను చూపుచుండగా ఒక బాలుడు లేచి, "సారూ, మనకు రేవే లేదు గదా, ఇవి మన కెందుకు?" అని యడిగెను. నేను వాని ఇంటిలోని కిరసనాయిలు, వాని తండ్రి సేద్యపు ఎరువు, వాని చొక్కాగుండీలు ఏ రేవున దిగియుండునో చెప్పనారంభించితిని. వెనుక బల్లనుండి మఱియొకడు, "మా నాయన రేవు కట్టెటందుకు పోయిండు సారూ" అనెను. తరగతి నవ్వెను. నేను నవ్వలేకపోతిని. పాలమూరు కూలివారు దేశమున ఆనకట్టలును, కాలువలును, గట్లును కట్టని చోటు లేదు. వారికి సముద్రముతో నున్న చుట్టరికము వర్తకునికంటె దగ్గఱిది. లాభములో భాగము మాత్రము లేదు. రేవు ఒడంబడికలలో రాజ్యముల పేళ్లుండును, కంపెనీల పేళ్లుండును; గట్టుకు మట్టి మోసినవాని ఊరి పేరు ఏ పత్రమునను చూడలేదు.

2014 జూన్ 2వ తేదీన తెలంగాణ వేఱు రాష్ట్రమైనప్పటినుండి మన ప్రశ్న క్రొత్తరూపము దాల్చినది. ఒకే దేశమగుటచేత రాజ్యాంగపు 301వ అధికరణము వర్తకమునకు దేశమంతట స్వేచ్ఛ నిచ్చుచున్నది, 2017లో జి.ఎస్.టి. వచ్చినపిదప వాణిజ్యపన్ను చెక్‌పోస్టులును పోయినవి. కనుక తలుపు మూయు భయము లేదు. కాని తలుపు తెఱచియున్నంత మాత్రమున నడచుటకు బాట యున్నదనరాదు. 2023లో బందరున క్రొత్తరేవునకు పనులు మొదలైనవి. హైదరాబాదుదాపున డ్రైపోర్టు నిర్మించి, బందరుతో రహదారిచేతను రైలుదారిచేతను కలుపవలెనని తెలంగాణ ప్రభుత్వము సంకల్పించినది. 1802లో కాగితముమీద నున్న హక్కు ఇప్పటికైనను బాటగా మాఱునేమో! ఇందు ఆంధ్రప్రదేశమునకు ఉపకారము చేయుచున్నామని ఒకరును, సరకు మాది గనుక వారే మాకు ఋణపడియున్నారని మఱియొకరును మాటాడుటను వినుచున్నాను. రెండును చెవికింపుగా లేవు. సరకు లేని రేవు ఉప్పునీటి మడుగు. రేవు లేని సరకు గోదాములో మూట.

ఇచ్చట దారి కోరు మనము మనలను గూడ ప్రశ్నించుకొనవలెను. తీరము క్రింద నున్నది, నీరు పైనుండి పోవలెను. సరకు విషయమున మనము వేడువారము. కృష్ణానీటి విషయమున మనము పైవారము, వారు వేడువారు. మనకును పైవారున్నారు. తుంగభద్రమీది రాజోలిబండ ఆనకట్టనుండి వచ్చు కాలువ కర్ణాటకమునుండి అలంపురము సీమకు నీరు తేవలెను, వాటా 15.9 టి.యం.సి.లని లెక్క. కాలువ చివరనున్న రైతు ఆ లెక్కను కాగితముమీద చదువుచున్నాడే కాని చేలో చూచిన యేండ్లు తక్కువ. 'పైనున్నామని నీరాపుట అన్యాయము' అని కర్ణాటకముతో వాదించు మనము, క్రిందివారితో మాటాడునపుడు అదే వాక్యమును అదే స్వరముతో పలుకగలమా? నీటిలో పైన, రేవులో క్రింద, ఒక్కొక్కరును ఒకచోట గడపలోపల, ఒకచోట గడపవెలుపల నిలిచియున్నాము. గడపలోపలివాడు ఋణమును దయ యనియు, వెలుపలివాడు దయను ఋణమనియు పిలుచుట సహజము. ఒకే మనుష్యుడు రెండుచోట్లను నిలిచినపుడైనను ఒకే మాట వాడవలెను.

సోమశిలకడ కృష్ణకు ఈవలియొడ్డు నాగర్‌కర్నూలు జిల్లా, ఆవలియొడ్డు నంద్యాల జిల్లా. ఆ ప్రాంతమున చుట్టరికములు, దేవరలు, పశువులసంత, అన్నియు ఏటికి ఇరువైపుల నున్నవి. 2007 జనవరిలో అచ్చటి మంచాలకట్ట రేవువద్ద పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయిరి. అప్పటికి రెండొడ్డులును ఒకే రాష్ట్రము. అయినను వంతెన రాలేదు. ఇరురాష్ట్రములైనపిదప, 2022లో, సోమశిల సిద్ధేశ్వరముల నడుమ తీగలవంతెనకు కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చినది. దానికి అంచనా వేయి కోట్లకు పైగా. ఆ వంతెనమీద వసూలగు సుంకము ఎంత యుండవలెను, ఏ యొడ్డువారి రైతుబండికి మినహాయింపు, వరదలో వంతెన చెడిన మరమ్మతు ఎవరిది, అను సంగతులను రెండు ప్రభుత్వములును ముందే నిర్ణయించి, ఆ పట్టికను వంతెన రెండుకొనలను తెలుగులో, బండివాడు చదువుకొనునంత పెద్ద అక్షరములతో, రాతిమీద చెక్కింపవలెనని నా కోరిక.